వంశావళిలో చెర కూడా ఒక మైలురాయే



ఏడాదిలో బైబిల్ మొత్తం చదివి ముగించాలని జనవరి ఒకటిన మొదలుపెట్టేవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. ఆదికాండము హుషారుగా సాగుతుంది. లేవీయకాండము దగ్గర నడక కాస్త నెమ్మదిస్తుంది. మొదటి దినవృత్తాంతములు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామంది పేజీలు తిప్పేస్తారు. తొమ్మిది అధ్యాయాలు, దాదాపు అన్నీ పేర్లే. మత్తయి సువార్తకూ అదే గతి. క్రిస్మస్ ఆరాధనలో మొదటి అధ్యాయం చదవమంటే పద్దెనిమిదో వచనం నుంచి అందుకుంటాం. మొదటి పదిహేడు వచనాలు ఎవరికీ అక్కరలేని సరంజామాలా పక్కన పడి ఉంటాయి.

ఆ పేర్ల గురించే ఈ వ్యాసం. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి. తమిళనాడులో, కర్ణాటకలో, మహారాష్ట్రలో, ఒడిశాలో, యానాంలో తరాల తరబడి ఉంటున్న మనలాంటి తెలుగు క్రైస్తవ కుటుంబాలకు బైబిల్‌లో బాగా దగ్గరగా ఉండే భాగం ఏదంటే మేము ఈ పేర్ల జాబితాలనే చూపిస్తాం. ఎందుకో చరిత్ర చూస్తే తెలుస్తుంది.

జాబితా రాయాల్సిన అవసరం ఎప్పుడు వచ్చింది?

సొంత ఊళ్లో ఉన్నవాడికి వంశావళి రాసుకునే పని పెద్దగా ఉండదు. పొలం గట్టు చెబుతుంది, బావి చెబుతుంది, పక్కింటి ముసలమ్మ చెబుతుంది ఇతను ఎవరి మనుమడో. ఊరు పోయినప్పుడే కాగితం కావాల్సి వస్తుంది.

యూదావారికి ఊరు పోయింది. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసుకుని, పద్దెనిమిదేళ్ల రాజు యెహోయాకీనును, తల్లిని, అధికారులను, పనివాళ్లను పట్టుకుపోయాడు. మరో పదేళ్లకు పట్టణం కాలిపోయింది, దేవాలయం కూలిపోయింది. ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్లకు, క్రీ.పూ. 539లో పారసీక రాజు కోరెషు బబులోనును పట్టుకున్నాడు. వెళ్లదలచినవాళ్లు యెరూషలేముకు వెళ్లవచ్చని సెలవిచ్చాడు. ఆ వెళ్లినవాళ్ల జాబితా ఎజ్రా రెండో అధ్యాయంలో ఉంది, నెహెమ్యా ఏడో అధ్యాయంలో మళ్లీ ఉంది. దినవృత్తాంతముల గ్రంథం రాసింది కూడా ఈ చెర తర్వాతి కాలంలోనే. రాజ్యం లేదు, సింహాసనం లేదు, ఉన్నది పారసీకుల కింద ఒక చిన్న జిల్లా. అలాంటి సమయంలో ఆ రచయిత కలం పట్టుకుని మొట్టమొదట రాసిన పేర్లు ఆదాము, షేతు, ఎనోషు. మనం ఎవరిమో మరచిపోకముందే మొదటి మనిషి నుంచి రాసి పెట్టుకుందాం అన్నట్టుగా. నేటి ముద్రిత హీబ్రూ బైబిల్‌లో ఈ గ్రంథమే చిట్టచివర ఉంటుంది. ఆదాముతో మొదలై, ఇంటికి బయలుదేరండి అన్న కోరెషు ప్రకటనతో ముగుస్తుంది.

అంటే బైబిల్‌లోని పెద్ద వంశావళి వలస జనం రాసుకున్నది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే ఆ తొమ్మిది అధ్యాయాలు వేరేగా కనిపిస్తాయి.

మట్టి పలకల మీద అవే పేర్లు

ఈ పేర్లు కల్పన కావని చెప్పే ఆధారాలు గత వందేళ్లలో కొన్ని బయటపడ్డాయి. జర్మన్ పురావస్తు శాస్త్రవేత్త రాబర్ట్ కోల్డెవే బబులోను శిథిలాల్లో 1899 నుంచి 1917 వరకు తవ్వకాలు జరిపాడు. అక్కడి రాజభవనంలో దొరికిన మట్టి పలకల్లో కొన్నిటిని 1939లో ఎర్నెస్ట్ వైడ్నర్ ప్రచురించాడు. అవి రాజు గిడ్డంగి నుంచి ఎవరెవరికి ఎంత నూనె ఇచ్చారో రాసుకున్న లెక్కలు. మన రేషన్ దుకాణం రిజిస్టరు లాంటివే. వాటిలో యూదా రాజు యెహోయాకీను పేరు ఉంది. అతని ఐదుగురు కుమారుల ప్రస్తావన ఉంది. ఒక పలక మీది తేదీ మన లెక్కలో క్రీ.పూ. 592. రాజుగా సింహాసనం మీద కూర్చోవాల్సినవాడు పరాయి రాజు గిడ్డంగిలో నూనె కొలిపించుకుంటున్నాడు.

ఇప్పుడు మత్తయి మొదటి అధ్యాయం పన్నెండో వచనం తీయండి. అక్కడ కనిపించే యెకొన్యా ఈయనే. యేసుక్రీస్తు పూర్వికుల్లో ఒకరి పేరు రేషన్ లెక్కల్లో దొరికిందన్నమాట. మన తాతముత్తాతల పేర్లు కూడా చాలావరకు అలాంటి చోట్లే కదా ఉండేది? రైల్వే వర్క్‌షాపు హాజరు పట్టీలో, గనుల కూలి రిజిస్టరులో, మిల్లు జీతాల పుస్తకంలో. రాజుల చరిత్రలో కనిపించని పేర్లు మస్టర్ రోల్‌లో కనిపిస్తాయి. దేవుడు తన కుమారుని వంశంలో అలాంటి పేరునూ ఉంచాడు.

రెండో ఆధారం మనకు ఇంకా దగ్గరిది. 2014లో లారీ పియర్స్, కోర్నేలియా వున్ష్ అనే పండితులు ప్రచురించిన మట్టి పలకల్లో బబులోను ప్రాంతంలోని ఒక ఊరి పేరు తరచుగా వస్తుంది. ఆ పేరు 'ఆల్ యాహూదు', అంటే యూదా ఊరు. చెరపట్టి తెచ్చినవాళ్లు కాపురమున్న చోటుకు వాళ్ల పేరే వచ్చింది. ఇందులో మనకు వింతేముంది? ముంబయిలో కామాఠీపురం అనే పేరు నిజాం రాజ్యం నుంచి కూలికి వచ్చిన తెలుగు కామాఠీల వల్లనే కదా వచ్చింది. ఆ పలకల మీద తేదీలు క్రీ.పూ. 572 నుంచి 477 వరకు ఉన్నాయి. వాటి నిండా బార్లీ బాకీలు, ఖర్జూరం కౌళ్లు, పన్నులు. ఒక కుటుంబం అయితే నాలుగు తరాలుగా కనిపిస్తుంది. సమక్ యామ కుమారుడు రపా యామ, అతని కుమారుడు అహీకాము, అతని కుమారుల్లో ఒకడు హగ్గయి. పేర్ల చివర 'యామ' అన్నది యెహోవా నామమే, ఆ దేశపు లేఖకుల రాతలో అలా మారింది. పరాయి లిపిలో రాసినా, పలుకు మారినా, నాలుగు తరాల పాటు పిల్లల పేర్లలో దేవుని పేరు వదల్లేదు.

ఇంకొందరి పేర్లు పూర్తిగా బబులోను పేర్లే అయిపోయాయి. తిరిగి వెళ్లిన జనానికి నాయకుడైన జెరుబ్బాబెలు పేరు చూడండి. ఆ పేరుకు బబులోను సంతానం అని అర్థం. దావీదు వంశపు రాజకుమారుడు తన పేరులోనే పరదేశాన్ని మోసుకుంటూ యెరూషలేము చేరాడు, దేవాలయపు పునాది వేశాడు. మత్తయిలో ఉన్నాడు, లూకాలో కూడా ఉన్నాడు. పిల్లలకు సెల్వమనీ మంజునాథ్ అనీ పేరు పెట్టుకుని, ఇంట్లో తెలుగు, వీధిలో మరో భాష మాట్లాడుతూ, 'మేము అసలు తెలుగువాళ్లమేనా' అని నలిగిపోయే మన కుర్రవాళ్లకు జెరుబ్బాబెలును పరిచయం చేయాలి.

పేరు దొరకనివాళ్ల సంగతి

ఇంతవరకు ఆదరణగా ఉంది. ఇక్కడ ఒక ముల్లు ఉంది, దాన్ని దాటవేసి పోవడం న్యాయం కాదు.

ఎజ్రా రెండో అధ్యాయంలో తిరిగి వచ్చిన సమాజం మొత్తం 42,360 మంది అని లెక్క ఉంది. ఆ లెక్క చివర కొందరు విడిగా కనిపిస్తారు. దెలాయ్యా, టోబీయా, నెకోదా సంతతివాళ్లు 652 మంది. తమ పితరుల ఇల్లు ఏదో, తాము ఇశ్రాయేలీయులో కాదో చూపించుకోలేకపోయారు. యాజకుల్లో కూడా హబాయా, హక్కోజు, బర్జిల్లయి అనే మూడు కుటుంబాలు తమ పేర్లను జాబితాలో వెదికారు, దొరకలేదు. అధికారి వాళ్లను యాజక సేవ నుంచి పక్కన పెట్టాడు. ఊరీము తుమ్మీములతో దేవుని చిత్తం తెలుసుకునే యాజకుడు ఒకడు వచ్చేదాకా ఆగమన్నాడు.

ఆ బర్జిల్లయి కుటుంబానికి ఆ పేరు ఎలా వచ్చిందో చదివితే మనవాళ్లకు నవ్వొస్తుంది. వాళ్ల పూర్వికుడు గిలాదువాడైన బర్జిల్లయి కుమార్తెను పెళ్లి చేసుకుని, మామగారి ఇంటిపేరు పెట్టుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే ఇల్లరికం. తరాలు గడిచాక ఆ ఇల్లరికపు పేరే మనుమల కొంప ముంచింది.

చెరకు వెళ్లినవాళ్లే, ఏడ్చినవాళ్లే, మళ్లీ నడిచి వచ్చినవాళ్లే. కానీ కాగితం లేదు. ఇది ఎంత బాధో మనకు తెలుసు. మన సమాజాల్లో ఇద్దరు కొత్తగా కలిస్తే మూడో ప్రశ్నగా వచ్చేది ఇదే: 'అసలు మీది ఏ ఊరు? ఇంటిపేరు ఏంటి? ఎవరి తాలూకు?' ఇది ఆప్యాయంగా అడిగే ప్రశ్నే, చాలాసార్లు. కానీ పెళ్లి సంబంధం దగ్గర, కమిటీ ఎన్నిక దగ్గర ఇదే ప్రశ్నకు పదును వస్తుంది. ఇంటిపేరులో కులం వెదుకుతారు. ఊరి పేరులో పాలెం వెదుకుతారు. జవాబు చెప్పలేనివాడు తల వంచుకుంటాడు. క్రీస్తులో అందరం ఒక్కటే అని పాట పాడి, పాట అయ్యాక ఆ ప్రశ్న అడుగుతాం.

ఎజ్రా గ్రంథంలో ఆ 652 మంది ఏమయ్యారు? వాళ్లను దారిలో వెనక్కి పంపలేదు. మిగతావాళ్లతో పాటే వచ్చారు, లెక్కలో వాళ్ల సంఖ్యను కూడా రాశారు. 'వీళ్లు తమ వంశం చూపలేనివాళ్లు' అన్న సంగతితో సహా లేఖనంలోకి ఎక్కారు. ఇక హక్కోజు పేరు మళ్లీ వస్తుంది. నెహెమ్యా యెరూషలేము గోడ కట్టించేటప్పుడు ఎవరు ఏ భాగం కట్టారో మూడో అధ్యాయంలో పేర్లు ఉన్నాయి. అందులో హక్కోజు వంశస్థుడు, ఊరియా కుమారుడు మెరేమోతు ఒక భాగం కట్టాడు. అది అయ్యాక ఇంకో భాగం కూడా కట్టాడు. ఎజ్రా ఎనిమిదో అధ్యాయంలో దేవాలయపు వెండి బంగారాలు తూచి అప్పగించింది ఊరియా కుమారుడైన మెరేమోతు చేతికే. ఆ కుటుంబం కాగితం ఎప్పుడు దొరికిందో, అసలు దొరికిందో లేదో లేఖనం చెప్పలేదు. గోడ కట్టిన చేతుల గురించి మాత్రం చెప్పింది.

తొమ్మిది అధ్యాయాల సందుల్లో

దినవృత్తాంతములు పేర్ల మధ్యలో రచయిత అక్కడక్కడా ఆగుతాడు. ఆ ఆగిన చోట్ల ఎవరున్నారో చూస్తే ఆయన మనసు తెలుస్తుంది. యబ్బేజు ప్రార్థన మనందరికీ తెలుసు, క్యాలెండర్ల మీద కూడా ఉంటుంది. మరి షేషాను సంగతి? రెండో అధ్యాయంలో ఉంది. షేషానుకు కుమారులు లేరు, కుమార్తెలే. అతని ఇంట్లో యర్హా అనే ఐగుప్తు పనివాడు ఉన్నాడు. షేషాను తన కుమార్తెను అతనికిచ్చి పెళ్లి చేశాడు. వాళ్లకు అత్తయి పుట్టాడు. అక్కడి నుంచి ఎలీషామా దాకా పదమూడు తరాలు వరుసగా రాశాడు, యూదా గోత్రం కిందనే. పరదేశపు పనివాడి పిల్లలు యూదా వంశంలో పదమూడు తరాలు.

నాలుగో అధ్యాయంలో సన్నపు నార బట్టలు నేసే ఇంటివాళ్లు ఉన్నారు. రాజు పని కోసం అక్కడే కాపురమున్న కుమ్మరులు ఉన్నారు. వృత్తి పేరు చెప్పుకోవడానికి ఆ రచయిత సిగ్గుపడలేదు. సోలాపూర్ మగ్గాల దగ్గర జీవితం గడిపిన కుటుంబాలు ఈ వచనం దగ్గర కాసేపు ఆగాలి. అదే అధ్యాయంలో ఫరో కుమార్తె బిత్యా ఉంది, యూదా ఇంటి కోడలిగా. ఏడో అధ్యాయంలో షెయెరా అనే ఆడపడుచు ఉంది, ఊళ్లు కట్టించిందట.

అదే కాలంలో ఎజ్రా, నెహెమ్యా అన్యజనుల ఆడపిల్లలను పెళ్లాడినవాళ్ల మీద ఎంత కఠినంగా ఉన్నారో మనం చదివాం. ఆ కఠినత్వానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. చిన్న జనం, కరిగిపోతామేమోనన్న భయం. ఆ భయం మనకూ తెలుసు. పిల్లలు తమిళంలోకో, కన్నడంలోకో, మరాఠీలోకో పోతున్నారని రోజూ అనుకుంటాం. కానీ ఆ భయం నిండిన రోజుల గ్రంథంలోనే యర్హాను, బిత్యాను చెరిపేయకుండా ఉంచారు. లేఖనం ఆ రెండు మాటలనూ మన ముందు పెట్టింది. ఒకటి తీసుకుని రెండోది దాచుకోవడానికి మనకు హక్కు లేదు.

మత్తయి ఏం చేశాడు?

మత్తయికి ఇవన్నీ తెలుసు. తన గ్రంథాన్ని ఆయన మొదలుపెట్టిన గ్రీకు మాటలు, గ్రీకు పాత నిబంధనలో ఆదాము వంశావళి గ్రంథం అని వచ్చే చోటి మాటలే. అంటే ఇది కొత్త ఆదికాండము అంటున్నాడు. తర్వాత మూడు పద్నాలుగులు లెక్క కట్టాడు. అబ్రాహాము నుంచి దావీదు దాకా, దావీదు నుంచి బబులోను చెర దాకా, చెర నుంచి క్రీస్తు దాకా. దావీదు పేరును హీబ్రూ అక్షరాల విలువలతో కూడితే పద్నాలుగు వస్తుందని పండితులు చెబుతారు. ఆ లెక్క కుదరడానికే కాబోలు యెహోరాముకు ఉజ్జియాకు మధ్య ముగ్గురు రాజులను వదిలేశాడు. కాబట్టి ఇది జనన మరణాల రిజిస్టరు నకలు కాదు. ఏది చెప్పాలో తెలిసి చెప్పిన సాక్ష్యం.

ఆ మైలురాళ్లను ఒకసారి మళ్లీ చూడండి. అబ్రాహాము, దావీదు, క్రీస్తు. మూడూ మనుషుల పేర్లు. ఆ వరుసలో నాలుగోది మాత్రం మనిషి పేరు కాదు. అది చెర. జనం సిగ్గుతో దాచుకోవాల్సిన సంఘటనను మత్తయి దావీదు పక్కన మైలురాయిగా నాటాడు. దేవుని వాగ్దానం చెర దగ్గర తెగిపోలేదు, చెరలోంచే నడిచి వచ్చింది. యిర్మీయా ఇరవై రెండో అధ్యాయంలో యెకొన్యా గురించి ఎంత భయంకరమైన మాట ఉందో గుర్తుందా? కుడిచేతి ఉంగరమైనా సరే పీకి పారేస్తానని, అతని సంతానంలో ఎవడూ సింహాసనమెక్కడని దేవుని తీర్పు. హగ్గయి గ్రంథం చివరి వచనంలో అదే దేవుడు అతని మనుమడైన జెరుబ్బాబెలును తన ముద్ర ఉంగరంగా చేసుకుంటానన్నాడు. పీకేసిన ఉంగరం రెండు తరాలకు మళ్లీ వేలికి వచ్చింది. మత్తయి ఆ తాతనూ మనుమణ్నీ ఇద్దరినీ రాశాడు.

నలుగురు స్త్రీల గురించి ప్రసంగాల్లో వింటూనే ఉంటాం, కాబట్టి క్లుప్తంగా చెబుతాం. తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య. మోయాబీయులు పదో తరం వరకు సమాజంలో చేరకూడదని ద్వితీయోపదేశకాండము చెబుతుంది. మోయాబీయురాలైన రూతు చరిత్ర చివర పెరెసు నుంచి లెక్క కడితే పదో పేరు దావీదు. బత్షెబ పేరు చెప్పకుండా ఊరియా భార్య అన్నాడు మత్తయి. దావీదు చేసిన ద్రోహం వంశావళిలో కూడా మాసిపోకూడదని. ఇది గొప్పలు చెప్పుకునే వంశవృక్షం కాదు, ఒప్పుకోలు.

మాకు వీటన్నిటికన్నా ఎక్కువ ఆదరణనిచ్చేది మాత్రం ప్రసంగాల్లో ఎవరూ ముట్టని భాగం. జెరుబ్బాబెలు తర్వాత, యోసేపుకు ముందు తొమ్మిది పేర్లు. అబీహూదు, ఎల్యాకీము, అజోరు, సాదోకు, ఆకీము, ఎలీహూదు, ఎలియాజరు, మత్తాను, యాకోబు. వీళ్ల గురించి బైబిల్‌లో మరెక్కడా ఒక్క మాట లేదు. యుద్ధాలు గెలవలేదు, కీర్తనలు రాయలేదు, ప్రవచించలేదు. పెళ్లి చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు, చచ్చిపోయారు. విశ్వాసాన్ని ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందించారు. ఆ తొమ్మిది చేతుల్లో ఒక్కటి లేకపోయినా వరుస తెగేది. మన ఇళ్లలో కూడా నిజంగా సంఘాన్ని నిలబెట్టినవాళ్లు ఆకీములు, అజోరులే. చదువు రాకపోయినా పిల్లలను ఆదివారం బడికి లాక్కెళ్లిన నాయనమ్మలు, షిఫ్టు దిగి నేరుగా ప్రార్థనకు వచ్చిన తాతలు.

లూకా దారి వేరు. వంశావళిని కింది నుంచి పైకి రాశాడు. పుట్టుక దగ్గర కాకుండా బాప్తిస్మం తర్వాత పెట్టాడు. అబ్రాహాము దగ్గర ఆగకుండా ఆదాము దాకా, ఆదాము నుంచి దేవుని దాకా వెళ్లాడు. దావీదు తర్వాత రాజుల వరుసను వదిలి నాతాను వరుస పట్టుకున్నాడు. రెండు సువార్తల తేడాను సరిపుచ్చడానికి మూడో శతాబ్దంలోనే జూలియస్ ఆఫ్రికానస్ ప్రయత్నించాడు. చనిపోయిన అన్న భార్యను తమ్ముడు చేసుకునే ఆచారం వల్ల ఒక్కరికి ఇద్దరు తండ్రుల లెక్క వస్తుందన్నాడు. ఆయన రాసినదాన్ని యూసీబియస్ తన సంఘ చరిత్రలో భద్రపరిచాడు. అందులోనే ఇంకో ముచ్చట ఉంది. తన పుట్టుక తక్కువదన్న బాధతో హేరోదు రాజు, ఇంకెవరూ గొప్ప వంశం చూపించుకోకూడదని యూదుల వంశ పత్రాలను తగలబెట్టించాడట. అయినా కొందరు జ్ఞాపకం నుంచి తమ పేర్లను నిలబెట్టుకున్నారని, వాళ్లలో యేసు బంధువర్గం కూడా ఉందని ఆఫ్రికానస్ రాశాడు. రాజు కాగితాలు కాల్చగలడు, ముసలివాళ్ల నోటి మాటను కాల్చలేడు.

మన పేర్లు ఎక్కడున్నాయి?

విశాఖపట్నానికి 1805లో వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ వారిలో అగస్టస్ డెగ్రాంజెస్, ఆనందరాయర్ అనే విశ్వాసి సాయంతో మత్తయి, మార్కు, లూకా సువార్తలను తెలుగు చేశాడు. డెగ్రాంజెస్ 1810లో చనిపోయాక అవి శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ పుస్తకం అందుకున్న తెలుగువాడు మత్తయి మొదటి పేజీ తిప్పగానే చూసింది వంశావళినే. మన దేశంలో అది వింత కాదు. భట్రాజులు పై కులాల వంశాలు చదివేవారు. మాదిగల వంశాలను, జాంబవ పురాణాన్ని డక్కలివారు పాడేవారు. కాబట్టి అణగారిన కులాలకు చరిత్రే లేదనేవాళ్ల మాట అబద్ధం. ఉంది, నోటి మీద ఉంది. వలస వచ్చినప్పుడు ఆ పాడేవాళ్లు వెంట రాలేదు, అంతే.

1876 నుంచి 1878 వరకు దాత కరువు. ఆ కరువులో బకింగ్‌హాం కాలువ పని దగ్గర క్లౌ దొర వందలాది కుటుంబాలకు కూలి కల్పించాడు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. కరణం లెక్కల్లో కూలివాళ్లుగా తప్ప ఉండని మనుషుల పేర్లు ఒక పుస్తకంలో సొంత పేర్లుగా ఎక్కాయి. యానాంలో చరిత్ర ఇంకో రకం. 1881 సెప్టెంబరు 21 నాటి ఫ్రెంచి డిక్రీ ప్రకారం సొంత కులాచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి పౌర చట్టం కిందికి రాదలచినవాళ్లకు కొత్త ఇంటిపేరు ఎంచుకునే వీలు ఉండేది. పాత ఇంటిపేరు మోసుకొచ్చిన అవమానాన్ని అక్కడే దించి, కొత్త పేరుతో రిజిస్టరులోకి ఎక్కే వీలు ఉండేది. బర్జిల్లయి కుటుంబంలా, వాళ్ల వంశావళి ఒక కొత్త పేరు దగ్గర మొదలవుతుంది. అది లోపమా? అబ్రాముకు అబ్రాహామని పేరు మార్చింది ఎవరు?

ఈ మాట ఇప్పుడు ఎందుకు ఎత్తామంటే, మన సమాజం తరఫున కుటుంబ చరిత్రల పుస్తకం తేవాలని తీర్మానం అయింది, ఫారాలు పంచాం. తిరిగి వచ్చిన ఫారాల్లో చాలావాటిలో 'మూల గ్రామం', 'ముత్తాత పేరు' గళ్లు ఖాళీగా ఉన్నాయి. కొందరు ఫారమే ఇవ్వలేదు. నాలుగు తరాలు చెప్పగలిగిన కుటుంబాలను ముందు పేజీల్లో వేసి, తక్కినవాళ్లను చివర చిన్న అక్షరాల్లో వేద్దామని ఒక సూచన వచ్చింది. ఆ సూచన చేసినవాళ్ల మీద మాకు కోపం లేదు. కానీ పైన చెప్పిందంతా చదివాక ఆ పని చేయలేం. మా విన్నపం ఇదీ.

పుస్తకంలో కుటుంబాలను తరాల లెక్కన కాకుండా అక్షర క్రమంలో వేద్దాం. ఖాళీ గడిని దాచవద్దు. 'తెలియదు' అని రాసి, దాని కింద తెలిసినంత రాద్దాం. మొదట ఈ ఊరు చేరిన మనిషి ఏ పని చేశారు, ఏ ప్రార్థన గుంపులో ఉన్నారు, చాలు. ఆడవాళ్ల పేర్లు తప్పకుండా రాద్దాం. ఇంటికోడలు తమిళ పిల్ల అయినా, ఒడియా పిల్ల అయినా ఆమె పుట్టింటి పేరుతో సహా. కులం గడి ఫారంలో ఉండకూడదు. ఇల్లు వదిలి వెళ్లారని, వేరే పెళ్లి చేసుకున్నారని, జైలుకు వెళ్లారని ఇంట్లో ఎవరి పేరైనా కొట్టేసి ఉంటే, వాళ్ల పేరు మళ్లీ రాయండి. తామారును రాసిన మత్తయి మనకు గురువు.

పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో అంతులేని వంశావళుల మీద పడి కొట్టుకోవద్దని హెచ్చరించాడు. తాను బెన్యామీను గోత్రికుణ్నని చెప్పుకోగలిగినవాడే, క్రీస్తు కోసం దాన్ని నష్టంగా ఎంచుకున్నాడు. హెబ్రీయుల పత్రిక వంశావళి లేని మెల్కీసెదెకును క్రీస్తుకు పోలికగా చూపించింది. వంశం దేవునికి గుమ్మం కాదు, కృతజ్ఞతకు కారణం మాత్రమే. ఎందుకంటే మత్తయి వరుస చివర యేసు తర్వాత ఇంకో పేరు లేదు. ఆయనకు పిల్లలు లేరు, కాబట్టి ఆ వంశావళి ఇక రక్తం ద్వారా సాగదు. బాప్తిస్మం ద్వారా సాగుతుంది. అక్కడి నుంచి రాయాల్సిన పేర్లు మనవి. ఊరు తెలిసినవాళ్లవి, తెలియనివాళ్లవి కూడా.

ఫారాలు ఇంకా ఇవ్వనివాళ్లు ఈ నెలాఖరులోగా ఇవ్వండి. రాయడం రాని పెద్దలు ఇంట్లో ఉంటే మా యువకులు వచ్చి కూర్చుని రాసుకుంటారు. ఆదివారం ఆరాధన తర్వాత మాలో ఎవరికైనా చెప్పండి. ఇంకో మాట. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో మత్తయి మొదటి అధ్యాయం మొదటి వచనం నుంచే చదవండి. చదివాక మీ ఇంటి ఆకీము, అజోరు ఎవరో పిల్లలకు చెప్పండి.